అచ్చియ్యమ్మ ఇంటికి ఏడు గదులు

మీ ఇల్లు ఎంత ఉంటుందని ఎవరైనా అడిగితే, అడిగినవాడి మొహం చూసి జవాబు చెప్పే అలవాటు మనుషులకే ఉందనుకునేవాణ్ణి. జీలుగువాగు అడవి సంగతి తెలిశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. అక్కడి జంతువులు ఈ విషయంలో మనకంటే ఒక ఆకు ఎక్కువే చదివాయి.

వాగుకి ఇటు ఒక గట్టు, అటు ఒక గట్టు. రెండు గట్ల మీదా బొరియలూ, పుట్టలూ, గుహలూ. వేసవి వచ్చిందంటే కొండ మీద వెదురు రాసుకుని అగ్గి పుట్టేది. అది ఇళ్ళ మీదికి రాకుండా ఎండాకులన్నీ ఊడ్చి కొండ చుట్టూ బోడిదారి తీయాలి. ఆ పని చేసేవాళ్ళకి తిండి పెట్టాలి. అందుకని పంచాయతీ కొత్తగా ఇంటిపన్ను పెట్టింది. లెక్క చాలా సుళువు. గదికి ఒక బుట్ట గడ్డలు. ఒక గది ఉన్నవాడు ఒక బుట్ట, మూడు ఉన్నవాడు మూడు. ఈ పన్ను మీద ఎవరికీ గొడవ లేదు, ఎందుకంటే అగ్గి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు.

పంచాయతీ పెద్ద ఎద్దు వీరభద్రం. ఇరవై ఏళ్ళు ఊళ్ళో నాగలి లాగి, ముసలితనాన అడవికి వచ్చి స్థిరపడ్డాడు. ఏ మాటనైనా రెండుసార్లు నెమరు వేసిగాని బయటికి చెప్పడు. గుమాస్తా నక్క గవరయ్య. ఇళ్ళు కొలిచి, గదులు లెక్కపెట్టి, టేకాకుల పుస్తకంలో రాసుకోవడం ఆయన ఉద్యోగం. అది చాలక పెళ్ళి సంబంధాలు కూడా కుదిర్చేవాడు. రెండు పనులకీ ఒకటే సంచి, ఒకటే పుస్తకం. ఈ కథలో తగువంతా ఆ ఒక్క పుస్తకం వల్లే వచ్చింది.

ఆ ఏడు మాఘమాసం వెళ్ళిపోతుండగా కాకి వచ్చి ముళ్ళపంది అచ్చియ్యమ్మ గుమ్మంలో ఒక టేకాకు పడేసింది. అచ్చియ్యమ్మకి చదువు రాదు. కాకినే చదవమంది.

"ఇంటి యజమానురాలు అచ్చియ్యమ్మ. గదులు ఏడు. అందులో ఒకటి గడ్డల కొట్టు, ఒకటి వాగు వైపు గాలి గది. పన్ను ఏడు బుట్టలు. తొలకరి లోపల కట్టనిచో బొరియ స్వాధీనం చేసుకుని, పన్ను కట్టినవారికి ఇవ్వబడును. అభ్యంతరం ఉన్నచో పదిహేను రోజుల్లో సభలో చెప్పుకోవలెను," అని చదివి కాకి ఎగిరిపోయింది.

అచ్చియ్యమ్మ ఇంట్లో గదులు రెండు. ఒకదాంట్లో తల్లీ కూతుళ్ళు పడుకుంటారు, రెండోదాంట్లో గడ్డలు దాచుకుంటారు. మొగుడు రెండేళ్ళ కిందట వాగు వరదలో కొట్టుకుపోయాడు. అప్పటినుంచి ఆవిడ ఒక్కతే నేల తవ్వి, గడ్డ పీకి, కూతురు బుల్లెమ్మని పెంచింది. ఇప్పుడు కొట్టులో ఉన్నవి నాలుగు బుట్టలు. రెండు పన్నుకి, రెండు బుల్లెమ్మ పెళ్ళికి. ఏడు బుట్టలు కట్టాలంటే పెళ్ళి మానుకోవాలి. పెళ్ళి మానుకున్నా ఇంకా మూడు తక్కువ. తొలకరికి ఇల్లు పోతుంది.

ఆవిడ కోపంతో ముళ్ళు గలగలలాడించుకుంటూ గవరయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన మద్దిచెట్టు కింద బండ మీద కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు.

"గవరయ్యగారూ, మా ఇంటికి ఏడు గదులని మీకెవరు చెప్పారండీ?"

"మీరే చెప్పారు కదమ్మా," అన్నాడు గవరయ్య తల ఎత్తకుండానే. పుస్తకం తిరగేసి ఒక ఆకు చూపించాడు. "పుష్యమాసం, శుక్రవారం, ఇదే చెట్టు కింద. మీరు చెప్తుంటే నేను రాసుకున్నాను. గాలి గది కూడా మీరన్నదే. నా సొంతం ఒక్క ముక్క కలపలేదు."

ఆయన చెప్పింది నిజం. పుష్యమాసం శుక్రవారం నాడు బుల్లెమ్మకి పెళ్ళిచూపులు.

ముళ్ళపందుల్లో ఒక ఆచారం ఉంది. పెళ్ళి అయ్యేదాకా వియ్యాలవారు ఒకరి గడప ఒకరు తొక్కరు. ఇరుకు బొరియలో కొత్తవాళ్ళు ఎదురుపడితే ముళ్ళు గుచ్చుకుంటాయని పూర్వం ఎవరో పెట్టిన కట్టుబాటు. పెట్టినవాళ్ళు మంచికే పెట్టారు. కాని అవతలివాళ్ళు చూడరని తెలిశాక ఎవరు ఊరుకుంటారు? నోటితో గదులు కట్టడానికి తవ్వే పని కూడా ఉండదు. ఆ రోజు అటుగట్టు నుంచి పిల్లవాడి తల్లి నరసాయమ్మ వచ్చి, ఇల్లు ఎలా ఉంటుంది వదినగారూ అని అడిగింది. అచ్చియ్యమ్మ ముందు నాలుగు గదులంది. నరసాయమ్మ మొహంలో ఏ మార్పూ కనిపించలేదు. అయిదని సర్దుకుంది, ఆ తరవాత కొట్టు గుర్తొచ్చిందంది, ఆ తరవాత గాలి గది. ఏడు దగ్గర నరసాయమ్మ తల ఊపి, మాది పదండీ, నేలంతా రాతి పలకలే అంది. మధ్యలో కూర్చున్న గవరయ్య చిరునవ్వుతో రెండూ రాసుకున్నాడు.

పన్ను కొలత వేసేటప్పుడు లోపలికి వెళ్ళి ప్రతి గదీ చూసి రావాలని పంచాయతీ నియమం. ముళ్ళపంది బొరియలో మూతి పెట్టడం ఎవరికి సరదా? గవరయ్య పెళ్ళిచూపుల ఆకునే చూసి నోటీసు రాసేశాడు.

"అది పెళ్ళికి చెప్పిన మాటండీ. పన్నుకి చెప్పింది కాదు," అంది అచ్చియ్యమ్మ చిన్న గొంతుతో.

"ఇల్లు ఒకటే కదమ్మా. ఇక్కడ ఏడు గదులుండి అక్కడ రెండు ఎలా అవుతాయి? మీకు అభ్యంతరం ఉంటే సభలో చెప్పుకోండి. వీరభద్రంగారు ధర్మాత్ములు, వింటారు. రెండు గట్లవాళ్ళూ వస్తారు. మీ వియ్యపురాలూ వస్తుంది. అందరి ముందూ నిలబడి, మాకు గదులు రెండేనండీ, మిగతా అయిదూ అబద్ధం ఆడాను అని చెప్పండి. కొలత వెంటనే మార్చేస్తాను."

గవరయ్య గొంతు తగ్గించి, తోటివాడిలా మంచిమాట చెప్పాడు. ఈ రొష్టంతా ఎందుకు, రెండు బుట్టలు తన దగ్గర పెడితే పుస్తకంలో ఏడుని నాలుగు చేస్తాడట. పెళ్ళివారికి తెలియదు, పంచాయతీకి తెలియదు, పరువు దక్కుతుంది. అచ్చియ్యమ్మ గోళ్ళ మీద లెక్క వేసుకుంది. నాలుగూ రెండూ ఆరు. తన దగ్గరున్నవి నాలుగు. మిగిలిన రెండూ ఎక్కడైనా అరువు తెచ్చుకోమని సలహా కూడా ఆయనే ఇచ్చాడు. ఇలాంటి సలహాలు ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ చాలా నెమ్మదిగా, ప్రేమగా మాట్లాడతారు. నాకు వాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఇంటికి వచ్చి అచ్చియ్యమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. తిన్నగా వెనకగదిలోకి వెళ్ళి గోడ తవ్వడం మొదలుపెట్టింది.

చూడండి, ఇలాంటి ఆలోచన ఒక్క ముళ్ళపందికే వస్తుంది. చెప్పిన అబద్ధం దిద్దుకోవడం కంటే దాన్ని నిజం చేసేయడం సుళువనుకుంది. సభకి ఇంకా పన్నెండు రోజులుంది, గదులు అయిదు కావాలి. రెండు రోజులకో గది. ఏడు గదులూ ఉంటే పరువు నిలుస్తుంది, పన్ను సంగతి తరవాత చూసుకోవచ్చు. మూడో రోజుకి మూడో గదికి తల పట్టేంత సందు వచ్చింది. అక్కడ గోరుకి రాయి తగిలింది. పక్కకి తవ్వితే అక్కడా రాయే. నాలుగో రోజు పైకప్పు మట్టి జారి కొట్టులోని గడ్డల మీద పడింది. రెండు గదుల ఇల్లు కాస్తా ఒకటిన్నర అయింది.

చప్పుడుకి బుల్లెమ్మ పరుగెత్తుకొచ్చింది. మట్టి కొట్టుకుపోయి, గోళ్ళు అరిగిపోయి కూలబడ్డ తల్లిని చూసింది.

"నాలుగు రోజులుగా అడుగుతుంటే చెప్పవు. ఏంటమ్మా ఈ తవ్వకం?"

అప్పుడు అచ్చియ్యమ్మ అంతా చెప్పింది. నోటీసు, పుస్తకం, గవరయ్య బేరం, తను చెప్పిన ఏడు గదులు, ఏదీ దాచలేదు. బుల్లెమ్మ విని ముందు నవ్వింది. గాలి గది అన్నప్పుడు ఇంకా గట్టిగా నవ్వింది. తరవాత తల్లి నవ్వడం లేదని చూసి ఆపేసింది.

"ఏడు తవ్వుతావు సరే. మరి ఏటా ఏడు బుట్టలు ఎవరు కడతారు?" అంది.

"నీ పెళ్ళి తప్పిపోతుందే తల్లీ. అది తలుచుకుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. మీ నాన్నే ఉంటే..."

"నాన్న ఉన్నా గదులు రెండే కదమ్మా," అని బుల్లెమ్మ తల్లి పక్కన కూర్చుని గోళ్ళలో ఇరుక్కున్న మట్టి తీయసాగింది. "పెళ్ళయ్యాక ఆవిడ ఎలాగూ మన గడప తొక్కుతుంది. అప్పుడు అయిదు గదులేవని అడిగితే నేను అక్కడ కోడలిగా ఉండి ఏం చెప్పను? తప్పిపోయేదైతే ఇప్పుడే తప్పిపోనీ. నాకూ బాధే. అతను నాకు నచ్చాడు. కాని గాలి గదిని చూసి చేసుకునేవాడైతే నాకొద్దు."

సభలో నలుగురి ముందూ వియ్యపురాలు ఈ సంగతి వినడం మర్యాద కాదని, ముందు తనే వెళ్ళి చెప్పాలని అచ్చియ్యమ్మ అప్పుడు నిశ్చయించుకుంది. ఆ సాయంత్రమే వాగు దాటింది. గడప తొక్కకూడదు కాబట్టి బొరియకి ఇరవై అడుగుల దూరంలో ఆగి, వదినగారూ అని పిలిచింది.

నరసాయమ్మ బాణంలా బయటికి వచ్చింది. వచ్చి గుమ్మానికి అడ్డంగా, ముళ్ళు వీలైనంత వెడల్పుగా పరిచి నిలబడింది. ఏదో దాస్తున్నట్టే ఉంది గాని, అచ్చియ్యమ్మ ఉన్న స్థితిలో అది గమనించలేదు. ఇద్దరూ ఎండల గురించి మాట్లాడుకున్నారు. వాగులో నీళ్ళు తగ్గాయనుకున్నారు. ఆ మాటలు కూడా అయిపోయాక అచ్చియ్యమ్మ కళ్ళు మూసుకుని చెప్పేసింది.

"వదినగారూ, మా ఇంట్లో గదులు రెండేనండీ. ఏడని మీకు అబద్ధం చెప్పాను. ఇవతలివాళ్ళం తక్కువ కాకూడదని అన్నాను. ఇప్పుడు పన్ను ఏడింటికీ వేశారు. సభలో నిజం చెప్పుకోకపోతే ఇల్లు పోతుంది. అక్కడ వినేకంటే ముందే మీకు చెబుదామని వచ్చాను. సంబంధం మీ ఇష్టమండీ."

"రెండా?" అంది నరసాయమ్మ.

ఆ ఒక్క మాటతో అచ్చియ్యమ్మ ఆశ వదులుకుంది. అయిపోయింది, ఇక వెనక్కి తిరగడమే అనుకుంది. నరసాయమ్మ ఆవిడని ఎగాదిగా చూసింది. తరవాత ఎత్తి పెట్టుకున్న ముళ్ళన్నీ ఒక్కొక్కటిగా కిందికి దించి, గుమ్మానికి అడ్డం తప్పుకుని నేల మీద కూర్చుంది. లోపలినుంచి ఒక టేకాకు లాగి ముందు పడేసింది. అదీ నోటీసే. గదులు పది, నేల రాతి పలకలు, పన్ను పది బుట్టలు.

"మాది ఒకటిన్నర," అంది. "ఆ సగం కూడా రాయి అడ్డొచ్చి సగమే అయింది. రాతి పలకలని అందుకే అన్నాను, పూర్తిగా అబద్ధం కాదు. మీకు తెలిస్తే పిల్లని ఇవ్వరేమోనని భయపడి చచ్చాను వదినగారూ. గవరయ్య అయిదు చేస్తానంటే రెండు బుట్టలు ఇప్పటికే ఇచ్చేశాను. ఆడపెళ్ళివారికి పొరపాటున కూడా చెప్పకండని పదిసార్లు చెప్పాడు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. పొద్దు కుంకేదాకా నవ్వుతూనే ఉన్నారు. నవ్వి నవ్వి నరసాయమ్మ కళ్ళు తుడుచుకుంది. నెల రోజుల తరవాత ఆ రోజే కడుపునిండా తిన్నానని తరవాత ఆవిడే చెప్పింది.

సభ మడుగు పక్కన మధ్యాహ్నం ఎండలో జరిగింది. ముళ్ళపందులకి అది నిద్రపోయే వేళ. ఇద్దరు వియ్యపురాళ్ళూ ఆవలిస్తూ, ఒకరికొకరు దూరంగా కూర్చున్నారు. గవరయ్య ముందు అచ్చియ్యమ్మ దగ్గరికి వెళ్ళి, మీ వియ్యపురాలు వచ్చింది సుమండీ, జాగ్రత్త అని చెవిలో చెప్పాడు. తరవాత నరసాయమ్మ దగ్గరికి వెళ్ళి అదే మాట చెప్పాడు. ఇద్దరూ బుద్ధిగా తల ఊపారు.

మొదట కుందేలు లేచింది. పన్ను ఎక్కువైందని, పిల్లలు ఎక్కువని, ఈ ఏడు గడ్డి బాగా లేదని ఏడ్చింది. వీరభద్రం ఓపికగా అంతా విన్నాడు.

"అమ్మా, నీ కష్టం నాకు అర్థమైంది. కాని ఈ సభ కష్టాలకి కాదు, కొలతలకి. నీ ఇంటికి పుస్తకంలో నాలుగు గదులున్నాయి. నాలుగు కాదని అంటావా?" అన్నాడు.

కుందేలు చెవులు వాల్చి, ఆలోచించుకుని చెబుతానని కూర్చుంది. దాని మొహం చూస్తే అదీ ఏదో పెళ్ళిలో చెప్పిన మాటేనని నాకు అనుమానం.

తరవాత అచ్చియ్యమ్మ లేచింది. ఏడవలేదు. బీదరికం ఎత్తలేదు. "పన్ను గదికి ఒక బుట్ట అన్నది న్యాయమేనండీ. రెండు బుట్టలు ఇక్కడే పెట్టాను. నా ఇంట్లో గదులు రెండు. పుస్తకంలో ఏడు రాశారు. ఆ కొలత తప్పు," అని చెప్పి నిలబడింది.

సభలో గుసగుసలు లేచాయి. వీరభద్రం నక్క వైపు తిరిగాడు.

"లోపలికి వెళ్ళి చూశావా గవరయ్యా?"

"వెళ్ళకుండా రాస్తానా అయ్యా?" అన్నాడు గవరయ్య. అనేశాక అది చాలదనిపించింది. ముళ్ళపంది ఇంత ధైర్యం చేస్తుందని ఆయన అనుకోలేదు. కాని తన దగ్గర ఇంకా గట్టి ఆధారం ఉందనుకున్నాడు. "నా మాట ఎందుకండీ? ఆవిడే నలుగురిలో ఏడని చెప్పుకుంది. పన్ను అనేసరికి రెండంటోంది. అప్పుడు ఎదురుగా కూర్చుని విన్నది వియ్యపురాలే. నరసాయమ్మగారిని అడగండి."

తన పరువు కాపాడుకోవడానికైనా నరసాయమ్మ నోరు విప్పదని, విప్పితే ఏడనే అంటుందని ఆయన ధీమా. అన్ని పెళ్ళిళ్ళు కుదిర్చినవాడు, ఇద్దరు ఆడవాళ్ళు తనకి చెప్పకుండా మాట్లాడుకుంటారని మాత్రం ఊహించలేకపోయాడు.

నరసాయమ్మ ఆవులింత ఆపుకుని లేచింది.

"వదినగారు ఏడని అన్నమాట నిజమే. నేను విన్నాను," అంది. గవరయ్య మీసం దువ్వుకున్నాడు. "నేను పది అన్నదీ నిజమే. ఆవిడా విన్నారు. నాకున్నవి ఒకటిన్నర. మా ఇద్దరి ఇళ్ళలోనూ ఈయన అడుగు పెట్టలేదు. పెళ్ళికి మేం కోసుకున్న కోతలే పన్నుకి ఎత్తి రాశారు. అవి తగ్గించడానికి నా దగ్గర రెండు బుట్టలు తీసుకున్నారు."

గవరయ్య వెంటనే అందుకున్నాడు.

"అయ్యా, ఈవిడ వియ్యపురాలు. ఆవిడ పక్షాన చెప్పక ఎవరి పక్షాన చెబుతుంది? ఇద్దరూ కూడబలుక్కున్నారు."

వీరభద్రం ఆ మాట నెమరు వేశాడు. ఎండలో అందరూ ఎదురుచూశారు.

"నేనే వెళ్ళి చూస్తానంటే నా కొమ్ములు పట్టవు. మరి లోపలికి ఎవరు వెళ్ళి చెప్పాలి గవరయ్యా?" అన్నాడు చివరికి. "ఈ అడవిలో అచ్చియ్యమ్మ ఇంటికి ఏడు గదులుండాలని అందరికంటే ఎక్కువగా కోరుకునేది ఎవరు?"

గవరయ్య పుస్తకం సంచిలోకి తోశాడు.

"పిల్లని చేసుకునేవాళ్ళు," అన్నాడు వీరభద్రం తనే. "గదులు తగ్గితే నష్టం ఎవరికో వాళ్ళే తగ్గాయని చెబితే, అంతకంటే సాక్ష్యం నాకు అక్కర్లేదు. నరసాయమ్మా, నువ్వు వెళ్ళి లెక్కపెట్టి రా."

పెళ్ళికి ముందు గడప తొక్కడమా అని పెద్ద ముళ్ళపందులు రెండు గొణిగాయి. నరసాయమ్మ వాళ్ళ వైపు తిరిగింది. ఆ కట్టుబాటు ముళ్ళు గుచ్చుకోకూడదని పెట్టుకున్నదే కదా, తను ముళ్ళు దగ్గరికి ముడుచుకునే వెళతానంది. సభ అంతా ఇటుగట్టు మీది బొరియ దగ్గరికి నడిచింది. నరసాయమ్మ ఒళ్ళంతా బిగించుకుని లోపలికి పోయింది. కాసేపటికి తల మీద మట్టితో బయటికి వచ్చింది.

"రెండు. రెండోదాంట్లో ఈ మధ్యే మట్టి పడింది. శుభ్రంగా ఉంది ఇల్లు," అంది.

అక్కడినుంచి వాగు దాటి అచ్చియ్యమ్మ నరసాయమ్మ ఇల్లు చూసింది. ఆవిడ ఇంకా తొందరగా బయటికి వచ్చింది, చూడడానికి అంతగా ఏమీ లేదు కాబట్టి. ఒకటిన్నర అని చెప్పింది. ఆ సగం గది పెళ్ళయ్యాక కొత్త జంటకి సర్దుతారట. సత్తిపండు, అంటే పెళ్ళికొడుకు, అప్పటికే అందులో ఎండుగడ్డి పరిచి ఉంచాడని కూడా చెప్పింది. గుంపులో ఎక్కడో నిలబడ్డ బుల్లెమ్మ తల దించుకుంది.

గవరయ్య దగ్గర ఇంకొక్క మాట మిగిలింది. బాగా గట్టిగా, అందరికీ వినబడేలా అన్నాడు.

"నరసాయమ్మగారూ, మీ మంచికే చెబుతున్నాను. ఏడు గదులని చెప్పి రెండు గదుల ఇంటి పిల్లని మీకు కట్టబెడుతున్నారు. ఇంకా మించిపోలేదు. ఆలోచించుకోండి."

"మా ఇంటికి వచ్చేది పిల్లండీ," అంది నరసాయమ్మ. "గదులు రావు కదా. వచ్చినా ఎక్కడ పెట్టుకోను?"

రెండు గట్లూ కలిసి నవ్వాయి. ఆ నవ్వు మధ్యలో కుందేలు లేచి, తనకి నిజానికి ఒకటే గదని చెప్పింది. ముంగిస లేచి తన ఇంట్లో మేడ లేదంది. ఉడుము లేచి రాతి గుహ అన్నది మరదలి పెళ్ళికి అన్నానంది. ఒకరి తరవాత ఒకరు లేస్తూనే ఉన్నారు. వీరభద్రం గవరయ్య సంచిలోంచి టేకాకుల పుస్తకం తీయించి చదివించాడు. ఇంటి కొలతలన్నీ పెళ్ళిచూపుల రోజులవే.

తీర్పు చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతు పెంచలేదు. గవరయ్య తీసుకున్న బుట్టలు ఎవరివి వాళ్ళకి తిరిగి ఇవ్వాలి. పాత పుస్తకం కొట్టేశారు. కొత్త పుస్తకం గవరయ్యే రాయాలి, ప్రతి ఇంట్లోకీ తనే దూరి, ప్రతి గది చివరిగోడా ముక్కుతో తాకి వచ్చి రాయాలి. ఆ పని పూర్తయ్యేదాకా ఆయనకి పంచాయతీ తిండి లేదు. మొదలు అచ్చియ్యమ్మ ఇంటితోనే పెట్టమన్నారు.

ఆ సరికి ముళ్ళపందుల నిద్ర పూర్తిగా పాడైపోయింది. తీర్పు కాగానే బుల్లెమ్మ ఇంటికి వచ్చి లోపల పడుకుంది. చీకటి సందులో కొత్తవాడు వస్తున్న అలికిడి అయితే నిద్రమత్తులో ఉన్న ముళ్ళపంది ఏం చేస్తుందో మీకు చెప్పక్కర్లేదు. గవరయ్య కేక ఒకటి వినిపించింది. ఆయన వెనక్కి వెనక్కి పాకుతూ బయటికి వచ్చాడు. ముక్కు మీద ముళ్ళు రెండు నిలబడి ఉన్నాయి. అవి పీకించుకోకముందే కూర్చుని, కొత్త పుస్తకం మొదటి ఆకు మీద అచ్చియ్యమ్మ, గదులు రెండు అని తప్పు లేకుండా రాశాడు. ఇంకా నూట పన్నెండు ఇళ్ళు మిగిలాయి, అందులో ముళ్ళపందులవి ముప్ఫై.

నీతి: చుట్టానికీ సర్కారుకీ ఒకేలా చెప్పగలిగినదే మన ఇంటి అసలు కొలత.